మీ ప్రశ్న, నా జవాబు: ఇంటర్వ్యూలో తడబడ్డ రోజు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. ఇంటర్వ్యూలో పొరపాటు జరిగినందుకు ఉద్యోగం పోవడం తక్కువ, ఆ పొరపాటును కప్పిపుచ్చబోయి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ, కావాలంటే 'అమృతం' సీరియల్లో ఏదో ఒక ఎపిసోడ్ పెట్టుకుని చూడండి అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు తమకు జరిగినవి రాశారు, కొందరు అమృతం గురించే రాశారు, ఇంకొందరు రెండూ కలిపి పేజీలకు పేజీలు రాశారు. అన్నీ చదివాను. పద్దెనిమిదేళ్లుగా ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను కాబట్టి, బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లు ఏం చూస్తారో నాకు తెలిసినంత వరకు చెబుతాను. పేరు వేయవద్దని చాలామంది కోరారు, అందుకే ఊరు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు బీటెక్ అయిపోయింది. మాదాపూర్‌లో పది గంటలకు ఇంటర్వ్యూ అంటే తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి, ఎల్బీ నగర్‌లో మెట్రో పట్టుకుని, అమీర్‌పేటలో మారి, తొమ్మిదింటికల్లా హైటెక్ సిటీలో దిగాను. ఆ కంపెనీకి అక్కడ రెండు ఆఫీసులున్నాయట. నేను రెండోదానికి వెళ్లి, సెక్యూరిటీ దగ్గర లైన్లో నిలబడి, అక్కడ కాదని తెలిసి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి పదీ నలభై అయింది. ఎందుకు ఆలస్యమైందని అడిగితే టెన్షన్‌లో బస్సు చెడిపోయిందని చెప్పాను. ఎక్కడ చెడిపోయింది అన్నారు. చౌటుప్పల్ అన్నాను. అక్కడి నుంచి మరి ఎలా వచ్చావు అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ తర్వాత ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో సమాచారం వెతికే కంప్యూటర్ భాష)లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే ప్రశ్నలకు కూడా జవాబు రాలేదు. ఉద్యోగం ఆలస్యం వల్ల పోయిందా, అబద్ధం వల్ల పోయిందా?
(ఒక పాఠకుడు, నల్లగొండ)

జవాబు: తమ్ముడూ, ఆలస్యం వల్ల పోలేదు. అలా పోయేదైతే పదీ నలభైకి నిన్ను లోపలికే పిలిచేవాళ్లు కాదు, రిసెప్షన్ దగ్గరి నుంచే పంపించేసేవాళ్లు. పిలిచారంటే దాన్ని అప్పటికే వదిలేశారని అర్థం. "ఎందుకు ఆలస్యమైంది" అన్నది చాలాసార్లు పలకరింపు మాత్రమే. ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్లు ఇచ్చి ఏమైంది బాబూ అని అడుగుతాం చూడు, అలాంటిది. అక్కడ నువ్వు "మీ రెండో ఆఫీసుకు వెళ్లిపోయాను సార్, ముందే కనుక్కోవాల్సింది, తప్పు నాదే" అని ఉంటే ఆ మాట అక్కడితో అయిపోయేది. నా అనుభవంలో అయితే అలా చెప్పిన పిల్లల మీద ఇష్టం ఇంకాస్త పెరుగుతుంది, రేపు పనిలో తప్పు చేస్తే కూడా ఇలాగే వచ్చి చెబుతాడన్న ధైర్యం వస్తుంది కాబట్టి.

ఇక తెలిసిన జవాబులు ఎందుకు రాలేదంటే, నీ బుర్రలో సగం ఆ చౌటుప్పల్ బస్సుకు కాపలా కాస్తోంది. ఇంకేం అడుగుతారో, ఏం చెబితే దొరికిపోతానో అని అది అక్కడే కూర్చుంది. మిగిలిన సగంతో ఎస్‌క్యూఎల్ జవాబులు ఎలా వస్తాయి? నీకు సబ్జెక్ట్ రాదని అనుకోవద్దు. నువ్వు రాసిన ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, వచ్చు.

ఇకముందు చేయాల్సింది చెబుతాను. ముందురోజే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి ఏ టవర్, ఏ గేటు, ఎన్నో అంతస్తు, లోపలికి ఏ గుర్తింపు కార్డు కావాలి అని అడుగు. అలా అడగడం చిన్నతనం కాదు, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే, అంటే పది కాకముందే, ఫోన్ చేసి చెప్పు. పదికి ముందు చేసిన ఫోన్‌కి, పదిన్నరకు చెప్పిన కారణానికి చాలా తేడా ఉంది. ఇంకో మాట, అదే కంపెనీలో మళ్లీ ప్రయత్నించు. చాలా కంపెనీలు కొన్ని నెలల గడువు పెట్టి మళ్లీ అవకాశం ఇస్తాయి, ఎన్ని నెలలో కనుక్కుని రాసిపెట్టుకో.

ప్రశ్న: అక్కా, ఇంటి నుంచి వీడియో ఇంటర్వ్యూ ఇస్తున్నాను. తలుపు గడియ పెట్టలేదు. మధ్యలో మా నానమ్మ ప్లేటులో ఉప్మా పట్టుకుని వచ్చి "ఇంకా ఏం తినలేదు కదరా" అంది. నేను మైకు ఆపాననుకుని గట్టిగా అరిచాను. మైకు ఆగలేదు. మొత్తం వినిపించింది. ఉద్యోగం రాలేదు. అది పోతే పోయింది, నానమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, నా వల్లే నీ ఉద్యోగం పోయిందని ఇప్పటికీ అందరికీ చెబుతోంది. (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: ముందు నానమ్మ దగ్గరికి వెళ్లి ఆవిడ వల్ల పోలేదని చెప్పు. ఇది ఓదార్పు కోసం అనడం లేదు, నిజంగానే ఆవిడ వల్ల కాదు. వీడియో ఇంటర్వ్యూలు చేసేవాళ్లందరికీ కుక్కర్ విజిళ్లు, కూరగాయల బండి కేకలు, పసిపిల్లల ఏడుపులు అలవాటే. అవతల కూర్చున్న మా ఇళ్లల్లోనూ అవే ఉన్నాయి కదా. ఉప్మా ప్లేటు చూసి ఎవరూ మార్కులు తగ్గించరు. కానీ అరుపు విన్నవాళ్లు, ఒత్తిడిలో ఈ అబ్బాయి పక్కవాళ్లతో ఇలా మాట్లాడతాడేమో అని తప్పకుండా అనుకుంటారు. నేనైనా అనుకుంటాను. అందులో అన్యాయం ఏమీ లేదు.

మళ్లీ ఇలా జరిగితే "ఒక్క నిమిషం సార్, మా నానమ్మ" అని చెప్పి, కెమెరా ముందే ఆ ప్లేటు అందుకుని, "ఇంటర్వ్యూలో ఉన్నాను నానమ్మా, అరగంటలో వస్తా" అని పంపించు. ఎదుటివాళ్లు నవ్వుతారు, నువ్వూ నవ్వుతావు, గదిలో బిగుసుకుపోయిన గాలి కాస్త వదులవుతుంది. నేను ఒకసారి సరిగ్గా ఇలాగే చేసిన అమ్మాయిని తీసుకున్నాను. ఆవిడ జవాబులు బాగున్నాయి కాబట్టే తీసుకున్నాను, కానీ ఆ రోజు మాట్లాడిన ఎనిమిది మందిలో సాయంత్రానికి మొహం గుర్తున్నది ఆవిడదే.

ప్రశ్న: మా ఇంట్లో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే కంచాలు తెచ్చుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఇప్పుడు మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. మొదట్లో "ఈ పాత సీరియల్ ఏంటమ్మా" అన్నవాడు ఇప్పుడు తనే యూట్యూబులో పెట్టుకుంటున్నాడు. ఇన్నేళ్లయినా అమృతం ఎందుకు పాతబడలేదు? దానికీ ఇంటర్వ్యూలకీ మీరు లంకె ఎలా పెట్టారు? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానండీ.

తెలియని చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. అమృతం 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై సరిగ్గా ఆరేళ్లు, 2007 నవంబరు 18 దాకా నడిచింది. మొత్తం 313 భాగాలు. దాన్ని సృష్టించింది గుణ్ణం గంగరాజు గారు. అమృతరావు, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు, పక్కపక్క వాటాల్లో కాపురాలు, భార్యలు సంజీవని, శాంత. ఇద్దరూ కలిసి అమృత విలాస్ అని హోటల్ నడుపుతుంటారు. అందులో పనిచేసే సర్వం, ఇంటి యజమాని అప్పాజీ. ఇంతే మనుషులు. అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. ఒక సీరియల్లో కథానాయకుడు అన్నిసార్లు మారితే జనం మానేయాలి మామూలుగా. మానలేదు. పాత్రను అంత గట్టిగా రాసుకున్నారు కాబట్టే మనిషి మారినా అమృతం అమృతంలాగే ఉన్నాడని నా నమ్మకం.

అయితే ఆంజనేయులు మాత్రం మొదటి నుంచి చివరి దాకా గుండు హనుమంతరావు గారే. నాకు ఈ సీరియల్ మొత్తంలో ఎక్కువ ఇష్టం ఆయనే. అమృతానికి ఏదో ఐడియా వస్తుంది, అది బెడిసికొడుతుందని ఆంజనేయులుకు ఎక్కడో తెలుసు, అయినా స్నేహితుణ్ని వదిలేయలేక వెంట నడుస్తాడు. ఆ తెలియడం, ఆ వదల్లేకపోవడం రెండూ ఆయన మొహంలో ఒకేసారి కనిపిస్తాయి. డైలాగు లేకపోయినా పరవాలేదు, ఆయన అమృతం వైపు అలా ఒక చూపు చూస్తే చాలు. 2018 ఫిబ్రవరిలో ఆయన పోయిన రోజు మా ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. 2020 ఉగాదికి అమృతం ద్వితీయం వచ్చింది, ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు వేశారు. ఆయనంటే నాకు గౌరవం, కానీ నా కళ్లు పాత మొహాన్నే వెతుక్కున్నాయి. అప్పాజీగా శివన్నారాయణ గారు, సర్వంగా వాసు ఇంటూరి గారు కూడా అంతే, వాళ్లను ఇంకే వేషంలో చూసినా ముందు ఆ పేర్లే నోటికొస్తాయి. సిరివెన్నెల గారు రాసి, కళ్యాణి మాలిక్ గారు బాణీ కట్టిన ఆ టైటిల్ పాట సంగతి చెప్పక్కర్లేదు. కష్టాలను కాస్త చిన్నవిగా చేసి చూపించే పాట అది, దిగులుగా ఉన్న రోజున ఇప్పటికీ పెట్టుకుంటాను.

ఇక లంకె సంగతి. నేను బీకాం అయ్యాక 2004లో హైదరాబాద్ వచ్చి ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఉండేదాన్ని. ఒక శనివారం బేగంపేటలో ఒక ఆఫీసుకు వాక్-ఇన్‌కు వెళ్లాను. టాలీ, అంటే కంప్యూటర్లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, వచ్చా అని అడిగారు. రెండు వారాల క్రితమే క్లాసుల్లో చేరాను, అయినా బాగా వచ్చు అన్నాను. సరే రండి అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఐదు వోచర్లు ఇచ్చి ఎంటర్ చేయమన్నారు. రెండోదాని దగ్గర ఆగిపోయాను. సిస్టమ్ స్లోగా ఉందన్నాను, మా ఇన్‌స్టిట్యూట్‌లో వేరే వెర్షన్ అన్నాను. ఆ పెద్దాయన చాలా నెమ్మదిగా, "రెండు వారాలే నేర్చుకున్నానని చెప్పి ఉంటే ట్రైనీగా తీసుకునేవాళ్లం అమ్మా, మాకు నేర్పించుకునే తీరిక ఉంది" అన్నారు. ఆ మాటకు వచ్చిన ఏడుపు హాస్టల్‌కు చేరేదాకా ఆపుకున్నాను.

మర్నాడు ఆదివారం. రాత్రి హాల్లో అందరూ అమృతం చూస్తున్నారు, నన్నూ లాక్కొచ్చి కూర్చోబెట్టారు. అమృతం ఏదో చిన్న తప్పు చేశాడు, అది అప్పాజీకి తెలియకూడదని ఒక అబద్ధం, ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి, చివరికి అసలు తప్పుకంటే పదింతలు పెద్ద గొడవ. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే ముందురోజు ఆ కంప్యూటర్ ముందు నేను చేసింది ఇదే కదా అనుకున్నాను. మొదటి అబద్ధం దగ్గర ఆగిపోయి ఉంటే అమృతానికి అరగంట కథ ఉండేది కాదు, నాకు ఉద్యోగం ఉండేది. అప్పటి నుంచి నాకు ఆ సీరియల్ అంటే హాస్యం ఒక్కటే కాదు. పాతబడకపోవడానికి కారణం కూడా అదేనని అనుకుంటాను. అందులో దుర్మార్గులు ఎవరూ లేరు, ఉన్నదల్లా తప్పు ఒప్పుకోవడానికి మొహమాటపడే మామూలు మనుషులు, అంటే మనమే.

ప్రశ్న: మేడమ్, రెండేళ్లుగా ఫ్రెషర్‌గానే తిరుగుతున్నాను. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెడతాం, పేస్లిప్పులు కూడా ఇస్తాం, ఇంటర్వ్యూ కూడా మా మనిషే వెనక నుంచి చెబుతాడు, నువ్వు పెదాలు కదిపితే చాలు అంటున్నారు. లక్షన్నర అడుగుతున్నారు. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరు అలాగే చేరారు. నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. చేయనా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వద్దు. దయచేసి నాన్నగారిని ఆ అప్పు తేనివ్వవద్దు.

ఎందుకు వద్దో చెబుతాను, నీతి కోసం కాదు, ఇది నేను రోజూ చూసే పని. పీఎఫ్ కట్టే ప్రతి ఉద్యోగికీ 12 అంకెల యూఏఎన్ నంబరు ఉంటుంది. నువ్వు ఏ కంపెనీలో ఏ నెలలో చేరావో, ఏ నెలలో మానేశావో ఆ నంబరు కింద కనిపిస్తుంది. మూడేళ్లు పనిచేశానని రెజ్యూమెలో ఉండి, పీఎఫ్ చరిత్రలో ఒక్క నెల కూడా లేకపోతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, అంటే నువ్వు చెప్పిన వివరాలు నిజమో కాదో కంపెనీ ఆరా తీసేటప్పుడు, మొదట ఆగేది అక్కడే. ఆ వెరిఫికేషన్ చాలాసార్లు చేరిన తర్వాత జరుగుతుంది. అంటే ఉద్యోగం వచ్చింది, ఊళ్లో స్వీట్లు పంచారు, రెండు నెలలు జీతం తీసుకున్నావు, మూడో నెలలో పిలిచి ఐడీ కార్డు ఇచ్చేసి వెళ్లమంటారు. అలా వెళ్లిన పిల్లలతో మాట్లాడాల్సి వచ్చిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టదు. దొంగ పేస్లిప్పు ఇవ్వడం నేరం కూడా, అది ఇచ్చిన కన్సల్టెన్సీ వాడు అప్పటికి ఫోన్ ఎత్తడు.

పెదాలు కదిపే ఇంటర్వ్యూ గురించి కూడా చెబుతాను. అది మాకు తెలుస్తుంది. మాటకూ పెదానికీ తేడా వస్తుంది, కళ్లు పక్కకు పోతుంటాయి, మధ్యలో "ఒక చేయి పైకెత్తండి", "మీ ఊరి గురించి తెలుగులో చెప్పండి" అంటే అంతా ఆగిపోతుంది. ఒకవేళ ఎవరూ పట్టుకోలేదనే అనుకుందాం. చేరిన రోజు నుంచి మూడేళ్ల అనుభవం ఉన్నవాడి పని నీ చేతిలో పెడతారు. ఆ బరువు మోయలేక డ్యూటీ అయ్యాక రహస్యంగా ఇంకొకరికి డబ్బిచ్చి పని చేయించుకునేవాళ్లను చూశాను. అది బతుకు కాదు. మీ ఫ్రెండ్స్ ఇద్దరూ చేరారన్నావు, వాళ్లు రాత్రి ఎలా నిద్రపోతున్నారో ఒకసారి మనసు విప్పి చెప్పమని అడుగు.

మరి ఏం చేయాలి అంటావు. నీ రెండేళ్ల ఖాళీని ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఆ రెండేళ్లలో నేర్చుకున్నది చూపించు. చిన్న ప్రాజెక్టు ఒకటి, మీ ఊళ్లో ఎరువుల షాపు లెక్కలకు పనికొచ్చేది చేసినా సరే, నీ చేతులతో చేసింది అయితే దాని మీద గంటసేపు మాట్లాడగలవు. అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, డిప్లొమా చేసినవాళ్లకు స్టైపెండ్‌తో శిక్షణ ఉంటుంది, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. జీతం కన్నా తక్కువే, కానీ అది నిజమైన అనుభవం, ఎవరు అడిగినా భయం లేదు. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగే ఎవరినైనా నమ్మవద్దు, అది రిజిస్ట్రేషన్ ఫీజు అన్నా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అన్నా సరే. ఆన్‌లైన్‌లో ఇప్పటికే ఎవరికైనా కట్టి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: పాప కోసం నాలుగేళ్లు ఉద్యోగం మానేశాను. ఇప్పుడు ఇంటర్వ్యూలకు వెళ్తే గ్యాప్ ఎందుకు అని అడిగినప్పుడల్లా గొంతు పట్టేస్తోంది. ఒక చోట ఫ్రీలాన్సింగ్ చేశానని చెప్పి, వివరాలు అడిగితే ఇరుక్కున్నాను. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: చెల్లెమ్మా, నాలుగేళ్లు బిడ్డను పెంచడం దాచుకోవాల్సిన పని కాదు. "పాపను చూసుకోవడానికి మానేశాను, ఇప్పుడు పాప బడికి వెళ్తోంది, నేను తిరిగి రావడానికి సిద్ధంగా ఉన్నాను" అని మూడు ముక్కల్లో చెప్పి ఆగిపో. క్షమాపణ స్వరం వద్దు, పొడిగించడమూ వద్దు. ఆ వెంటనే ఈ ఆరు నెలల్లో ఏం నేర్చుకున్నావో ఒకటి చెప్పు, మాట పని వైపు మళ్లుతుంది. ఇంట్లో అద్దం ముందు కాకుండా మనిషి ముందు, మీ ఆయన ముందో అక్క ముందో, పదిసార్లు పైకి అను. గొంతు పట్టేయడం అనేది మాట కొత్తది కావడం వల్లే, పదోసారికి నోటికి అలవాటు పడుతుంది. ఇంకో బిడ్డను ఎప్పుడు కంటారు లాంటి ప్రశ్న ఎవరైనా వేస్తే, అది వాళ్ల తప్పు, నీది కాదు. "ఈ ఉద్యోగం వేళలు నాకు కుదురుతాయి, దాని గురించి మీకు ఏ సందేహం ఉన్నా అడగండి" అను. తిరిగి చేరే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా పోస్టులు తీసే కంపెనీలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, రిటర్న్‌షిప్ అనే మాటతో వెతుకు.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. రాత పరీక్ష బాగానే రాస్తాను, ఇంటర్వ్యూ అంటే ఇంగ్లిష్ భయం. ఇంటర్వ్యూ లేని ఉద్యోగాలు చూసుకోమంటారా? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: చూసుకోవచ్చు, అందులో తప్పేం లేదు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా 2022లో తీసేశారు. బ్యాంకుల్లో ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడిగా పరీక్ష పెట్టే సంస్థ) క్లర్కు పోస్టుకు ఇంటర్వ్యూ లేదు, పీఓకు, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్‌కు, ఉంది, తుది ఎంపికలో మెయిన్స్ రాత పరీక్షకు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున లెక్క కడతారు.

కానీ ఒక సంగతి నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. సివిల్స్‌లో మెయిన్స్ తెలుగులో రాసినవాళ్లు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు, అక్కడ దుబాసీ ఉంటారు. మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275. అంత పెద్ద పరీక్షే మన భాషను ఒప్పుకుంటున్నప్పుడు, చిన్న కంపెనీలో ఒక వాక్యం తప్పు వచ్చిందని కుంగిపోవడం దేనికి? ప్రైవేటు ఉద్యోగానికి కూడా "నా ఇంగ్లిష్ ఇంకా నేర్చుకునే దశలో ఉంది, నెమ్మదిగా చెబుతాను" అని మొదటే అనెయ్. బట్టీ పట్టిన పేరాగ్రాఫు గడగడా అప్పజెప్పేవాళ్లకంటే, వెతుక్కుంటూ అయినా సొంత మాట చెప్పేవాడే మాకు నయం. బట్టీ పట్టినవాడు మధ్యలో ఒక పదం మరిచిపోతే మొత్తం కూలిపోతుంది. నీకు అలా కూలేది ఏమీ ఉండదు.

చిన్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. విజయవాడ పాఠకురాలు అమెరికా కంపెనీతో ఇంటర్వ్యూ తను అనుకున్నదానికి ఒక గంట ముందు అయిపోయిందని బాధపడ్డారు. వాళ్లు ఉదయం పది, ఈస్టర్న్ టైమ్ (న్యూయార్క్ సమయం) అంటే మనకు ఎండాకాలంలో రాత్రి 7:30, చలికాలంలో 8:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు మారతాయి, ఆ వారాల్లో ఇంటర్వ్యూ ఉంటే మన టైమ్ ఎంతో మెయిల్‌లో రాయించుకోండి. ఆదోని పాఠకుడికి: సీటీసీలో, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపి చూపిస్తారు, అందుకే చేతికి ఎంత వస్తుందని విడిగా అడగాలి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. కొత్త బూట్లు కరిచి కుంటుకుంటూ వెళ్లానన్న ఖమ్మం తమ్ముడికి: పాతవి పాలిష్ చేయించుకుని వెళ్లు.

ప్రశ్న: మేడం గారూ, నేను పదో తరగతి దాకే చదివిన. కుట్టుమిషన్ మీద కుట్టి బాబును ఇంజినీరింగ్ చదివించిన. ఒక ఇంటర్వ్యూలో ఏదో జవాబు తప్పు చెబితే అక్కడున్న ఇద్దరు నవ్వినరట. అప్పటి నుంచి ఐదు నెలలు, ఏ ఇంటర్వ్యూకూ పోతలేడు. ఫోన్ వస్తే ఎత్తడు. నేను ఏమడిగినా నీకు తెలియదులే అమ్మా అంటడు. ఏం చెయ్యాలె? (ఒక తల్లి, సిద్దిపేట)

జవాబు: అమ్మా, ముందు ఆ నవ్విన ఇద్దరి గురించి చెబుతాను. వాళ్లు చేసింది తప్పు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మేం శిక్షణ ఇచ్చేటప్పుడు మొదట చెప్పేదే అది, జవాబు ఎంత తప్పైనా నవ్వకూడదు, తమలో తాము చూసుకోకూడదు అని. ఆ మాట మీ బాబుకు నా మాటగా చెప్పండి. తప్పు జవాబు తనది, నవ్వడం మాత్రం వాళ్లదే, రెండూ తన నెత్తినే వేసుకోవద్దని చెప్పండి.

నీకు తెలియదులే అంటున్నాడని బాధపడవద్దు. సిగ్గుతో ఉన్న పిల్లలు అలాగే అంటారు, ఎవరికైనా చెప్పుకోవాలని లోపల ఉంటుంది, చెబితే మళ్లీ నవ్వుతారేమోనని భయం. మీరు ఇంజినీరింగ్ ప్రశ్నలు అడగక్కర్లేదు. మీ మిషన్ దగ్గర కూర్చోబెట్టుకుని, మీరు కుడుతూనే అడగండి, మొహంలోకి చూడకుండా అడిగితే పిల్లలు త్వరగా మాట్లాడతారు. నువ్వు కాలేజీలో చేసిన ప్రాజెక్టు దేనికి పనికొస్తుంది అని అడగండి. అది నాలాంటిదానికి అర్థమయ్యేలా చెప్పు అనండి. చెబుతుంటే అర్థం కాని చోట ఆపి మళ్లీ అడగండి, మంచి కంపెనీల్లో అడిగేవాళ్లు కూడా సరిగ్గా అదే చేస్తారు. రోజుకు పావుగంట చాలు. వారం పోయాక ఫోన్ ఎత్తితే ఎత్తాడు, లేకపోతే ఇంకో వారం. ఐదు నెలలు ఇలాగే ఉండి, అన్నం, నిద్ర కూడా తగ్గాయంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ అని ప్రభుత్వం వారి ఉచిత ఫోన్ నంబరు ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకో పని. ఆదివారం రాత్రి పని త్వరగా ముగించుకుని ఇద్దరూ కలిసి ఒక అమృతం భాగం పెట్టుకోండి. నవ్వడం మరిచిపోయి ఐదు నెలలైంది కదా ఇంట్లో. అది అయిపోయి, వాడు ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నప్పుడు, మిషన్ మీద గుడ్డ సర్దుకుంటూ అడగండి: ఆ రోజు ఇంటర్వ్యూలో ఏమైంది నాన్నా, మొదటి నుంచి చెప్పు.